ఖమ్మంలో నల్ల బీరు కాచిన ఏడాదిన్నర

ఈ మధ్య బ్రూవరీల్లో చేరబోతున్న పిల్లలు నాకు ఫోన్ చేస్తున్నారు. నా నంబరు ఎవరిస్తున్నారో తెలియదు గానీ, అందరూ అటు తిరిగి ఇటు తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తున్నారు. "మేడమ్, పాత పద్ధతి ఐరిష్ స్టౌట్ ఇంకా ఎవరైనా ఇష్టపడి తాగుతున్నారా? బీరంటే ప్రాణం పెట్టేవాళ్లు కూడా వదిలేశారంటున్నారు, నిజమేనా?"

తాగుతున్నారు. ఇక ముందూ తాగుతారు. ఎందుకు అంత గట్టిగా అంటున్నానో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక రాయడానికి కూర్చున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీలో ఎన్నాళ్లు కూర్చున్నాను లాంటివి ఇందులో ఉండవు. వాటితో మీకేం పని? నేను చేసిన తప్పులు ఉంటాయి. ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. స్టౌట్ అంటే బార్లీని దాదాపు మాడేదాకా వేయించి కాచే నల్లటి బీరు. చూడగానే ఘాటనుకుని భయపడతారు. నిజానికి మన దగ్గర దొరికే స్ట్రాంగ్ బీరు కన్నా మత్తు బాగా తక్కువ. వేయించిన వాసన, తీపి లేని చేదు, పైన వేలెడు మందాన మీగడలా నిలిచే తెల్లటి నురుగు. ఆ నురుగులోంచి తాగితేనే చేదు మెత్తగా దిగుతుంది.

సీసాల ఫ్యాక్టరీ

మాది ఖమ్మం వైపు చండ్రుగొండ పక్క పల్లె. కెమిస్ట్రీ డిగ్రీ అయిన ఏడాదే హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద బ్రూవరీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. "మా రమ సీసాల ఫ్యాక్టరీల పని జేస్తది" అని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. అందులో అబద్ధమేమీ లేదు, సీసాలు లక్షణంగా ఉండేవి. వాటిలో ఏం పోస్తారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా అమ్మమ్మ సాయంత్రమైతే వాకిట్లో పీట వేసుకుని కల్లు తాగేది. కోడళ్లు, అల్లుళ్లు, ఊరి పెద్దలు అందరూ చూస్తుండగానే తాగేది. దాన్ని ఎవరూ తప్పనలేదు. అదే ఇంటి పిల్ల చదువుకుని, బీరు రుచి చూసి తప్పొప్పులు చెప్పే ఉద్యోగం చేస్తే మాత్రం దాచుకోవాల్సిన సంగతి అయిపోయింది. ఈ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. అయినా ముప్పై ఏళ్లకు పైగా నేను కూడా నోరు మూసుకునే ఉన్నాను.

ల్యాబ్‌లో పొద్దున పదింటికి ఐదుగురం ఒక గదిలో కూర్చుని రుచి చూసేవాళ్లం. ఆ గదిలోకి తలలో మల్లెపూలు పెట్టుకుని రాకూడదు. పౌడరు రాసుకోకూడదు. ఆవకాయతో చద్దన్నం తిని వచ్చామంటే ఆ రోజుకి బయటే. మా ల్యాబ్ హెడ్ మూర్తి గారు ముక్కుకోపి. చేరిన కొత్తలో ఒక రోజు, ఒక ట్యాంకు బీరులో నాకు వెన్న వాసన తగిలింది. వెన్న వాసన వచ్చిందంటే బీరు ఇంకా పండలేదని అర్థం. మిగతా నలుగురు సీనియర్లూ బాగుందని రాశారు. నేనూ బాగుందనే రాశాను.

సాయంత్రం మూర్తి గారు పిలిచి, "నీకు వెన్న వాసన రాలేదామ్మా?" అన్నారు.

"వచ్చింది సార్."

"మరి రాయలేదేం?"

"పెద్దవాళ్లందరూ బాగుందన్నారు సార్."

"వాళ్లేమన్నారో తెలుసుకోవడానికి వాళ్లే ఉన్నారు కదమ్మా. ఐదో కుర్చీ ఎందుకు వేశాననుకున్నావు?" అన్నారాయన. కోపంగా కాదు, జాలిగా అన్నారు. అది ఇంకా బాధగా అనిపించింది. ఆ ట్యాంకును ఇంకో వారం ఆపించి, వాసన పోయాకే బయటికి పంపారు.

స్టౌట్‌ను నాకు చూపించింది కూడా ఆయనే. యంత్రాలు బిగించడానికి విదేశం నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన వెళ్తూ ఒక సీసా ఇచ్చి వెళ్లాడు. మూర్తి గారు దాన్ని ఐదు గ్లాసుల్లో సమంగా పంచారు. మిగతావాళ్లు మొహం చిట్లించారు. నాకు మాత్రం మా ఇంట్లో జొన్న పేలాలు వేయించిన మూకుడు వాసన వచ్చింది. కాస్తే ఇలాంటిది కాయాలని ఆ రోజే అనుకున్నాను. కానీ మా కంపెనీ పసుప్పచ్చ బీరు తప్ప ఇంకొకటి కాయలేదు. రిటైరయ్యే రోజు వరకూ ఆ కోరిక అలాగే ఉండిపోయింది.

ఈ నీళ్లకు ఈ బీరు

రిటైరైన కొద్ది నెలలకు, ఎవరో నా పేరు చెబితే శ్రీను అనే అతను ఫోన్ చేశాడు. వేంసూరు వైపు పామాయిల్ తోటలున్న కుర్రాడు. కుర్రాడంటే నలభై ఏళ్లుంటాయి లెండి. ఖమ్మం ఊరి చివర, బీరు అక్కడే కాచి అక్కడే పోసే హోటల్ పెడుతున్నానన్నాడు. "మీరు ఏం కాయమంటే అది కాద్దాం మేడమ్, చెయ్యి మీదే" అన్నాడు. ఒకటే షరతు పెట్టాను. నాలుగు కుళాయిల్లో ఒకటి స్టౌట్ ఉండాలి. సరేనన్నాడు. స్టౌట్ అంటే ఏమిటో అప్పటికి అతనికి తెలియదు.

ఇక్కడి బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. పప్పు ఉడకదని ఆడవాళ్లు తిట్టుకునే నీళ్లు. పసుప్పచ్చ బీరుకు అవి అస్సలు పనికిరావు, మొత్తం శుద్ధి చేయాల్సిందే. కానీ వేయించిన బార్లీకి పులుపు గుణం ఉంటుంది. గట్టి నీళ్లలో పడితే రెండూ సర్దుకుంటాయి. స్టౌట్ పుట్టిన ఊరి నీళ్లూ ఇలాంటివే. మొదటిసారి శుద్ధి చేసిన నీళ్లలో కొంత బోరు నీరు కలిపి కాచి, ట్యాంకు దగ్గరే రుచి చూశాను. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ల కోరిక తీరిందంటే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ముందుగా తెలియదు.

ఆ బీరును ఎవరూ తాగలేదు.

మూడు రెసిపీలు

ఒక గుటక తాగి గ్లాసు పక్కన పెట్టేవారు. మిగిలింది సింకులోకి పోయేది. ఈ మాట నాకు శ్రీను వచ్చి చెప్పేవాడు, ఎందుకంటే హోటల్ హాల్లోకి నేను వెళ్లేదాన్ని కాదు. పొద్దున్నే వెనక మెట్ల మీదుగా కాచే గదిలోకి దిగడం, హాలు తెరిచేలోపు అదే దారిన ఇంటికి పోవడం. "బ్రూయర్‌కు హాల్లో ఏం పని" అనేదాన్ని. అసలు సంగతి వేరు. ఖమ్మంలో మా చుట్టాలు వీధికి ఇద్దరున్నారు. బార్‌లో నిలబడి వాళ్ల కంట పడటం నాకు ఇష్టం లేదు.

వాళ్లకు చేదు ఎక్కువైందేమో అనుకుని వేయించిన బార్లీ తగ్గించాను. నీళ్లలా ఉందన్నారు. పెంచాను. మాడిందన్నారు. ఓట్స్ కలిపాను. ఏం లాభం లేకపోయింది. ఇలా మూడు రెసిపీలు మార్చాను. బార్లీ పంపినవాణ్ని తిట్టాను, నీళ్ల మిషన్‌ను తిట్టాను. ఐదోసారి మొండికేసి మళ్లీ మొదటి రెసిపీయే కాచాను.

ఆ ట్యాంకు తెరిచిన వారమే హైదరాబాద్ నుంచి బీరు ప్రియుల గుంపు ఒకటి భద్రాచలం వెళ్తూ దారిలో ఆగింది. వీళ్లు ఏ ఊళ్లో కొత్త బీరున్నా వెతుక్కుంటూ వెళ్లి, తాగి, మార్కులు వేసి ఫోన్లో పెడతారు. శ్రీను సంబరపడి వాళ్లను కాచే గది చూపించడానికి కిందికి తీసుకొచ్చాడు. కళ్లజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "అంతా బాగుంది ఆంటీ. స్టౌట్ మాత్రం చప్పగా, జీవం లేనట్టుంది. అసలు ఇప్పుడు స్టౌట్ ఎవరు తాగుతున్నారు? పండ్ల బీర్లు, పుల్ల బీర్లు నడుస్తున్నాయి కదా."

వాళ్లను బండెక్కించి శ్రీను మళ్లీ కిందికి వచ్చాడు. "మేడమ్, మీ మీద గౌరవంతో ఇన్నాళ్లు ఆగాను. బీరంటే పిచ్చి ఉన్నవాళ్లే వద్దన్నాక ఇంక నేనేం చెయ్యనండి? ఈ ట్యాంకు అయిపోగానే నల్లది ఆపేద్దాం. మామిడిపండు బీరు పెడదాం. గుజ్జుకి కూడా చెప్పేశాను."

మీలో కొందరు ఇలాంటి చోట ఉద్యోగం మానేస్తారు. నాకూ మానేయాలనిపించింది. కానీ ముప్పై ఏళ్లు ఎదురుచూసి, ఐదు ట్యాంకులకే ఓడిపోయి ఇంటికి పోవడం నా వల్ల కాదనిపించింది.

కౌంటర్ దగ్గర

ఇక అనుమానించడానికి మిగిలింది గ్యాసు ఒక్కటే. స్టౌట్‌ను నైట్రోజన్ కలిపిన గ్యాసుతో పోస్తారు, మీగడలాంటి నురుగు దానివల్లే వస్తుంది. పైపులు, చల్లబరిచే మిషన్లు చూసే జానీ భాయ్‌ను పిలిపించాను. ఖమ్మంలో మూడు తరాలుగా మిషన్ల పని చేస్తున్న కుటుంబం వాళ్లది. జీవితంలో చుక్క ముట్టలేదు, కానీ కుళాయి శబ్దం విని లోపల ఒత్తిడి ఎంతుందో చెప్పేస్తాడు.

"జానీ భాయ్, నీ గ్యాసే నా బీరును పాడు చేస్తోంది" అన్నాను.

అతను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ప్రతి జాయింటూ విప్పి చూశాడు. చేతులు తుడుచుకుంటూ, "గ్యాస్ ఫస్ట్ క్లాస్ ఉంది మేడమ్. పైపులల్ల ఏం ఫరక్ లేదు. నా మాటిని ఒక్కసారి పైకి పొయ్యి కౌంటర్ కాడ నిలబడుండ్రి. అక్కడ ఏం జరుగుతుందో మీరే చూడుండ్రి" అన్నాడు.

"నువ్వు చూశావు కదా, చెప్పరాదూ?"

"నాకు బీరు సంగతి ఎరుక లేదు. అక్కడ ఏమో చేస్తుండ్రు. అది కరెక్టో కాదో మీకే ఎరుక."

ఆ సాయంత్రం మొదటిసారి హాల్లోకి వెళ్లాను. కౌంటర్లో లింగయ్య ఉన్నాడు. భద్రాచలం దారిలో పల్లె అతనిది. కల్లు గీసే కుటుంబం. తాటిచెట్టు మీది నుంచి పడి కాలు దెబ్బతిన్నాక చెట్టెక్కడం మానేసి ఇక్కడ చేరాడు. నేను చూస్తుండగానే ఎవరో స్టౌట్ అడిగారు. లింగయ్య ఫ్రీజర్లోంచి మంచు పట్టిన గ్లాసు తీశాడు. కుళాయి తిప్పి నింపాడు. అందమైన నురుగు వచ్చింది. తరవాత స్టీలు గరిటె తీసుకుని ఆ నురుగునంతా శుభ్రంగా తోడి సింకులో పారేశాడు. మళ్లీ నింపాడు, మళ్లీ తోడాడు. నల్లగా, నున్నగా, అంచు దాకా నిండిన గ్లాసును గుడ్డతో తుడిచి ఎంతో శ్రద్ధగా కస్టమర్ ముందు పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం చేస్తున్నావు లింగయ్యా? ఇన్ని నెలల నుంచి నా బీరును పాడు చేస్తున్నది నువ్వా?" అని గట్టిగా అరిచాను. హాలంతా తిరిగి చూసింది.

అతను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నురుగు తీస్తున్న మేడమ్. కల్లు మీద నురుగుంటే చీమలు, తేనెటీగలు, తుక్కు అన్నీ దాంట్లనే ఉంటయ్. మా అయ్య నురుగు తియ్యకుంట ఎన్నడు ఎవ్వలకు పొయ్యలె. పచ్చ బీరుకు నురుగు పల్చగుంటది, తియ్యబుద్ధి కాదు. దీనికేమో గింత మందం వస్తున్నది. అట్లనే ఇస్తే మంచిగుంటదా?"

"స్టౌట్‌కు నురుగు ఉంచాలని నీకు తెలియదా?"

"ఎవలు చెప్పిండ్రు మేడమ్ నాకు? మీరు ఎన్నడన్న ఇటు దిక్కు వచ్చిండ్రా?"

మూడు రెసిపీలు మార్చాను గానీ, పోసే మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. అతను తన ఇంట్లో నేర్చుకున్న శుభ్రతను నా బీరుకు చూపించాడు. నేను చుట్టాలకు భయపడి కింద దాక్కున్నాను. ఇద్దరిలో పని చెడగొట్టింది ఎవరో చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు. అందరి ముందూ అరిచాను కాబట్టి అందరి ముందే తప్పు నాదని చెప్పాను. లింగయ్య సిగ్గుపడి, "అయ్యో, గట్లెందుకు మేడమ్, ఎట్ల పొయ్యాల్నో చెప్పుండ్రి" అన్నాడు.

చెప్పాను. గ్లాసుకు మంచు పట్టనివ్వకు, మరీ చల్లబడితే నాలుకకు రుచి తెలియదు. గ్లాసు వంచి ముప్పాతిక నింపి ఆపు. నల్లదనం కింది నుంచి పైకి తేరుకునేదాకా చెయ్యి పెట్టకు. అప్పుడు మిగతాది నింపు. నాలుగో గ్లాసుకే అతను నన్ను మించిపోయాడు. ఎప్పుడు ఆపాలో చూపుతో పట్టేసేవాడు. కల్లు ఎంతసేపటికి పొంగుతుందో చిన్నప్పటి నుంచి చూసిన కళ్లు మరి. తొందరపెట్టే కస్టమర్లను, "జర ఆగుండ్రి, ఇంక దిగలె" అని ఆపేవాడు. నేను చెబితే ఆగనివాళ్లు అతను చెబితే ఆగేవారు.

చిన్నాయన

ఆ రోజు నుంచి సాయంత్రాలు కౌంటర్ పక్కనే నిలబడ్డాను. గ్లాసులు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది. అన్నీ కాదు, కానీ సగానికి పైగా.

వారం తిరగకుండానే నేను భయపడ్డది జరిగింది. మూలబల్ల దగ్గర మా చిన్నాయన కనిపించాడు. మా నాన్న తమ్ముడు, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. తోటి పంతుళ్లతో వచ్చినట్టున్నాడు. నన్ను చూడగానే ముందున్న గ్లాసు మీద తువాలు కప్పాడు. ఒక్క క్షణం ఇద్దరం దొంగల్లా చూసుకున్నాం. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. కాళ్లు అటువైపే మళ్లాయి కూడా. మళ్లీ నాకే రోషం వచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి వెళ్లాను.

"నువ్వేంది బిడ్డా ఈడ?" అన్నాడు.

"నేను ఈడ్నే పని చేస్తున్న చిన్నాయనా. ఈ బీర్లన్నీ నేనే కాస్త."

"మరి సీసాల ఫ్యాక్టరీ అంటిరి?"

"ఆ సీసాలల్ల గూడ ఇదే ఉండె."

పక్కనున్న పంతుళ్లు కిటికీల వంక చూస్తున్నారు. చిన్నాయన గ్లాసు మీది తువాలు తీసి భుజాన వేసుకున్నాడు. "మీ అమ్మమ్మ కల్లు లొట్టి ఖాళీ అయ్యేదాక పీట మీద నుంచి లేవకపోయేది. నువ్వేమో గిన్నేండ్లు దాస్తివి. ఎందుకు బిడ్డా?"

ఎందుకో నాకే తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది దాచలేదు.

"అదేందో నల్లది ఉందట గదా. నాకొకటి పొయ్యమను" అన్నాడు. లింగయ్య పోసుకొచ్చి, తేరుకునేదాకా ఆగమని పంతులుగారికే పాఠం చెప్పాడు. చిన్నాయన మెల్లగా తాగి మూతికి అంటిన నురుగు తుడుచుకున్నాడు. "మాడిన జొన్నరొట్టె అడుగు లెక్క ఉంది" అన్నాడు. నచ్చలేదనుకున్నాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "ఆ అడుగు ముక్క కోసమే చిన్నప్పుడు మీ నాయన, నేను కొట్టుకునేటోళ్లం. ఇంకోటి చెప్పు" అన్నాడు.

ట్యాంకు అడుగు

నెల తరవాత హైదరాబాద్ గుంపు మళ్లీ వచ్చింది. కళ్లజోడు అమ్మాయి నన్ను గుర్తుపట్టి, మొహమాటానికి స్టౌట్ చెప్పింది. సగం తాగి కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, రెసిపీ ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదమ్మా. అదే ట్యాంకు. నువ్వు పోయినసారి తాగింది కూడా ఇదే."

ఆమె నమ్మలేదు. లింగయ్య గరిటె కథ నవ్వుతూ చెప్పాక నమ్మింది. ఆ రోజు మిగతా మూడు కుళాయిల వైపు పోకుండా ఇంకో గ్లాసు స్టౌటే తాగింది. ఆమె పక్క అబ్బాయికి మాత్రం నచ్చలేదు. కొత్తదేమీ లేదన్నాడు. అతని నాలుక అతనిది, నేను వాదించలేదు. కొత్త రుచుల వెంట పడేవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు లేకపోతే మనకు పనే ఉండదు. కానీ స్టౌట్‌ను ఎవరూ తాగడం లేదని ఎవరైనా అంటే, వాళ్లు తాగిన గ్లాసు ఎవరు పోశారు, ఎలా పోశారు అని అడగండి. నేను ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే నాలుగు ట్యాంకుల బీరు సింకులో పోయేది కాదు.

ట్యాంకు అయిపోయే రోజు వచ్చింది. మామిడి గుజ్జు డబ్బాలు అప్పటికే స్టోర్లోకి దిగాయి. గుజ్జు అమ్మేవాళ్లకు శ్రీను మాట ఇచ్చేశాడు, నేను ఒప్పుకున్నాను. కాబట్టి మళ్లీ అడగకూడదనుకున్నాను. సాయంత్రం ఏడింటికి కుళాయి గాలి చిమ్మింది. లింగయ్య గ్లాసు అడుగున పడిన రెండు గుక్కల నురుగు చూసి, "అయిపోయింది సార్" అన్నాడు. కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు కుసుమంచి నుంచి బండి మీద వచ్చినవాళ్లు.

"అయిపోవుడేంది? మళ్ల ఎన్నడొస్తది?" అన్నాడు ఒకాయన.

లింగయ్య నా వైపు చూశాడు. నేను కౌంటర్ చివర లెక్కలు చూసుకుంటున్న శ్రీను వైపు చూశాను. శ్రీను ఆ ఆరుగురినీ ఒకరి తరవాత ఒకరిని చూశాడు.

"మేడమ్, కొత్తది కాచి పొయ్యడానికి ఎన్ని రోజులు పడుతుందండి?"

"మూడు వారాలు."

"మూడు వారాలా!" అని తల పట్టుకున్నాడు. "మరి ఇంకా ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారండీ?"

కిందికి వెళ్లి బార్లీ బస్తా మూతి విప్పాను.